మా ఫాదర్‌ని ఇచ్చేశారు

తెలంగాణ బంద్ రోజు బండ్లు కదలక, ఇద్దరు బిషపులూ ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి మా గుడికి నడిచే వచ్చారు. ఒకరు మా బిషప్ గారు. రెండో ఆయన ఏదో చలిదేశం నుంచి. అక్కడ క్యాథలిక్కులు పిడికెడు మంది, గురువులు, అదే ఫాదర్లు, అసలే లేరట. మనవాళ్ళు తక్కువున్న దేశాల బిషపులంతా కూడి, ఉన్నవాళ్ళు లేనివాళ్ళకి గురువుల్ని పంపాలని మాట ఇచ్చుకున్నారట. మా వంతుగా ఇన్నయ్య ఫాదర్‌ని ఇస్తున్నామని మా బిషప్ గారు పూజకు ముందే చల్లగా చెప్పారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. దిల్‌సుఖ్‌నగర్ దాకా వెతికినా మేమెంతమందిమని? ఉన్న ఒక్క ఫాదర్‌నీ పట్టుకుపోతే మా గతేంటి? ఉద్యమం మొదలయ్యాక గుడిలో చాపలు రెండుగా చీలాయి. కుడివైపు గుంటూరు నుంచి వచ్చిన మేము, ఎడమవైపు ఇక్కడివాళ్ళు. పూజలో శాంతి కోరుకునే చోట "ఒకరికొకరు సమాధానం చెప్పుకోండి" అన్నప్పుడు మేం మావాళ్ళకే చేతులు జోడిస్తాం, వాళ్ళు వాళ్ళవాళ్ళకే. రెండువైపులకీ వచ్చేది ఫాదర్ ఒక్కరే.

పూజ అవగానే లేచాను. "మా ఫాదర్‌ని పంపితే ఊరుకోం బిషప్ గారూ!"

"మీ ఫాదర్ ఎట్లయితడు?" అటువైపు నుంచి జానయ్య లేచాడు. "ముందుగాల మేం మాట్లాడ్తం. గీడ పుట్టినోళ్ళం మేము."

"గుడికి ఇటుకలు మోసింది మా నాన్న!"

"జాగ ఎవలిది మరి? మా తాతది!"

ఇంకేముంది, రెండు చాపలూ లేచాయి. మా తమ్ముడు బాలశౌరి వెళ్ళి జానయ్య కాలర్ పట్టుకున్నాడు. గుండీ తెగి నా కాళ్ళ దగ్గర పడితే తీశాను. ఛీ, పరాయి దేశపు బిషప్ ముందు! ఆయన మా బిషప్ గారిని ఏదో అడిగారు. మా బిషప్ గారు తల దించుకున్నారు.

ఫాదర్ మధ్యలోకి వచ్చారు. "బిషప్ గారిని అనకండమ్మా. నన్ను పంపమని నేనే అడిగాను."

"ఎందుకు ఫాదర్? మేమేం తక్కువ చేశాం?" నాకు ఏడుపొచ్చేసింది.

"అక్కడ సమాధానం చెప్పుకోమంటే, అందరూ లేచి అందరి దగ్గరికీ వెళ్తారట శౌరమ్మా. అది చూడాలని ఉంది."

జానయ్య చొక్కా పట్టుకుని నేలంతా వెతుకుతున్నాడు. గుండీ నా చేతిలోనే ఉంది. ఆ చాపకూ ఈ చాపకూ మధ్య జానెడు నేల. దిక్కుమాలిన కోపం, నన్ను అడుగు వేయనిస్తేనా!

ఫాదర్ నా ముందుకొచ్చి చెయ్యి చాపారు. గుండీ తీసుకెళ్ళి జానయ్యకు ఇచ్చారు. వెళ్ళిపోయే మనిషితో అది కూడా చేయించుకున్నాం.