ఈ తడి ఎవరిది?

కుట్టుపనావిడ పొద్దున్న లేవగానే మొహమైనా కడుక్కోకుండా ముందు గోడ మీద చెయ్యి వేసి చూసేది. అరచేతికి జివ్వుమని చల్లగా తగిలిందంటే ఆ రోజుకి మఖమల్ గుడ్డలు మంచం మీదికి, మనిషి నేల మీదికి. నాలుగు నెలలుగా ఇదే వరస. పైకప్పు మూల మొదలైన మరక మొదట్లో అరచెయ్యంత ఉండేది. తరవాత చాపంత అయింది. ఇప్పుడు కుట్టుమిషను వెనక గోడంతా పాకింది. సున్నం పొక్కులు లేచి, ఆవిడ కుట్టే దుస్తుల మీద రాలుతోంది.

ఆవిడ కుట్టేది ఒక నాటకాల కంపెనీకి. రాజుల అంగీలు, రాణుల పావడాలు, సేనాపతుల భుజకీర్తుల కింద వేసే మెత్తలు. మఖమల్‌కి చెమ్మంటే గిట్టదు, వారం తిరక్కుండా బూజు పడుతుంది. మొదటిసారి కంపెనీ మేనేజరు "రాజుగారికి బూజు పట్టిందేంటమ్మా" అని నవ్వాడు. రెండోసారి నవ్వలేదు. "ఇంకోసారి ఇలా జరిగితే వేరే చోటు చూసుకుంటాం. ఏమీ అనుకోవద్దు" అన్నాడు.

ఆవిడ గదికి సరిగ్గా పైన పళ్ళ డాక్టరు ఇల్లు. ఆయన కొత్తగా స్నానాలగది కట్టించుకుని అందులో ఒక రాతి బేసిన్ పెట్టించాడు. దానికి లోతు లేదు, మధ్యలో రంధ్రం లేదు, పళ్ళెంలా చదునుగా ఉంటుంది. వెనక గోడ పక్కన వెంట్రుకవాసి చీలిక ఒకటుంది, నీళ్ళన్నీ బుద్ధిగా అందులోకి జారిపోవాలి. సగం జారేవి. మిగతా సగం గోడలోకి దిగి, కుట్టుపనావిడ గదిలో తేలేవి. దాని బొమ్మ గీసినవాడు డాక్టరు బావమరిది. బిగించినవాడు వీధి చివర ప్లంబరు.

గొడవెప్పుడూ మెట్ల మీదే జరిగేది. ఆవిడ గదిలోకి రమ్మంటే ఒక్కరూ వచ్చేవారు కాదు. తడిసిన గోడ ముందు నిలబడి "తప్పు నాది" అన్నవాళ్ళ ఒంట్లోకి ఆ తడి వెళ్ళిపోతుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఉన్న తడీ, రాబోయే తడీ కూడా. పక్క వీధిలో పుస్తకాలకు అట్టలు కట్టేవాడు ఒకప్పుడు తొట్టి పొర్లిపోతే పౌరుషానికి పోయి ఆ మాట అనేశాడు. ఇప్పుడతను ముట్టుకున్న కాగితమల్లా ముద్దైపోతుంది. పని పోయింది. ఎండాకాలంలో మాత్రం జనం చల్లగా ఉంటుందని అతని పక్కన కుర్చీలు వేసుకుంటారు. అందుకే అక్కడి పిల్లలకు మాటలు వచ్చేటప్పుడే జాగ్రత్త నేర్పేవారు. గ్లాసు పగిలేది, పాలు ఒలికేవి, కాలు తగిలేది. ఎవరూ ఏదీ పగలగొట్టేవారు కాదు.

"నేను రోజుకి నాలుగుసార్లు చేతులు కడుక్కుంటాను. అది కూడా నేరమేనా?" అనేవాడు డాక్టరు.

"బొమ్మలో లోపం లేదు బావా. గోడే బొమ్మ ప్రకారం లేదు" అనేవాడు బావమరిది.

"ఆ రోజే మొత్తుకున్నాను బాబూ. నీరు పల్లమెరుగు. దానికి బొమ్మ చూపిస్తే వింటుందా? మీరు బిగించమన్నారు, బిగించాను" అనేవాడు ప్లంబరు.

"మేం చెబితే మాత్రం బిగించెయ్యడమేనా?" అని ఇద్దరూ అతని మీద పడేవారు.

"పోనీ ఆ బేసిన్ తీసెయ్యండి డాక్టరు గారూ" అంది ఆవిడ ఒకసారి.

"తీస్తే ఒప్పుకున్నట్టే కదండీ" అన్నాడాయన నిదానంగా.

డాక్టరుకి ముసలి తల్లి ఉంది. అందరూ మామ్మగారనేవారు. కొడుకు గదులన్నీ కొత్తవి చేసుకుంటూ పోతుంటే ఆవిడకి కూర్చునే చోటు తగ్గిపోయి, మధ్యాహ్నాలు కిందికొచ్చి కుట్టుపనావిడ పక్కన చేరేది. పాత కుట్లు విప్పిపెట్టేది, బొత్తాలు ఏరేది. ఆవిడ పాతకాలం మనిషి. దారం తెగితే "నాదే తప్పమ్మా, గట్టిగా లాగాను" అనేది. వాన కురిస్తే "గొడుగు తేవద్దూ, నా తప్పే" అనేది. కుట్టుపనావిడకి జ్వరమొచ్చిన వారం పది రోజులూ పక్కన కూర్చుని నుదుటి మీద గుడ్డ మార్చింది కూడా ఈవిడే. గోడ తడిసిన నాటినుంచి డాక్టరు తల్లిని కిందికి దిగనివ్వలేదు. "నోరు జారే మనిషి, ప్రమాదం" అని కట్టడి చేశాడు. కన్నకొడుకు గనుక అంతవరకు మంచే చేశాడు.

కొత్త నాటకానికి పన్నెండు అంగీలు వారంలో కావాలని కబురొచ్చింది. ఆ రోజు గోడమీంచి చుక్కలు జారుతున్నాయి. కుట్టుపనావిడ కాసేపు వాటివైపే చూస్తూ కూర్చుంది. తరవాత జడ సర్దుకుని డాక్టరు ఆసుపత్రికి వెళ్ళింది. ఆయన ఎవరిదో నోట్లో వేళ్ళు పెట్టి ఉన్నాడు.

"డాక్టరు గారూ, మామ్మగారిని రేపు మధ్యాహ్నం ఒక్క గంట కిందికి పంపండి. బొత్తాలు ఏరే పనుంది."

ఆయన చెయ్యి ఆగింది. "ఆవిడకి చూపు సరిగ్గా ఆనడం లేదండీ."

"ఫరవాలేదు. కబుర్లు చెబుతూ కూర్చుంటే చాలు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుర్చీలో మనిషి నోరు తెరిచే ఉన్నాడు గాని ఏమీ అనలేదు. డాక్టరు లేచి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

"నేనే తీసుకొస్తాను" అన్నాడు.

మర్నాడు మామ్మగారు ఉతికిన చీర కట్టుకుని, కోడలు తల దువ్వితే పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది. వెనకే కొడుకు, బావమరిది. ఏదో గొట్టం చూడాలని చెప్పి పిలిపించిన ప్లంబరు గుమ్మం దగ్గరే ఆగాడు.

"ఎన్నాళ్ళకి దిగనిచ్చావురా!" అని ముసలావిడ సంబరంగా పీట మీద కూర్చుంది. గోడ చూసి బుగ్గలు నొక్కుకుంది. "అయ్యయ్యో, ఎంత పాడైపోయింది తల్లీ!"

"అవునండీ" అంది కుట్టుపనావిడ. ఆగింది.

మామ్మగారు బొత్తాల డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. నల్లవి ఒక పక్కకి, ఇత్తడివి ఒక పక్కకి తీస్తోంది. బావమరిది గొంతు సవరించుకున్నాడు.

"మామ్మగారూ, పదండి, పైకి తీసుకెళ్తాను" అన్నాడు ప్లంబరు ఉండబట్టలేక.

"నీ పని నువ్వు చూసుకో" అన్నాడు డాక్టరు.

ముసలావిడ వేళ్ళు ఆగాయి. "ఏంట్రా, అందరూ నా నోటివంక చూస్తున్నారు?"

డాక్టరు గోళ్ళు చూసుకున్నాడు. కుట్టుపనావిడ పంటితో దారం తెంపి సూదిలోకి ఎక్కిస్తూ, తల ఎత్తకుండా అంది: "స్నానాలగదిలో మీరు నీళ్ళు కాస్త ఎక్కువగా వాడతారటగా మామ్మగారూ."

"ఎవరన్నారు?"

"ఎవరో అనుకున్నారు."

"ఎవరో సంగతి వదిలెయ్. నువ్వు చెప్పు. నేను ఎక్కువ వాడతానా?"

దారం సూది బెజ్జంలోకి ఎక్కడం లేదు. కుట్టుపనావిడకి వారంలో పన్నెండు అంగీలు కావాలి. "వాడతారేమోనండీ" అంది.

ముసలావిడ ఆవిడని చాలాసేపు చూసింది. కొడుకుని అంతసేపు చూడలేదు. ఏరిన బొత్తాలు డబ్బాలో వేసి మూత పెట్టి, గోడకేసి తిరిగింది.

"అయితే తప్పు నాదే" అంది. దారం తెగినప్పుడు అన్నట్టు అనలేదు. ఒక్కో మాటా విడిగా, స్పష్టంగా అంది.

గోడ గుటక వేసినట్టు చప్పుడైంది. మరక అంచులనుంచి ముడుచుకుంటూ వచ్చి, చాపంతై, అరచెయ్యంతై, పోయింది. ముసలావిడ చీర కుచ్చెళ్ళు ముందు నల్లబడ్డాయి, తరవాత పమిట. పీట కింద నీళ్ళు చేరాయి. బావమరిది వచ్చి గోడని వేలితో తట్టి, "ఖణేల్‌మంటోంది!" అన్నాడు మెచ్చుకోలుగా. ప్లంబరు ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

పన్నెండు అంగీలూ అనుకున్న రోజుకి పూర్తయ్యాయి. ఒక్కదానికీ మచ్చ లేదు. మేనేజరు మళ్ళీ నవ్వాడు. ఏడాది పొడుగునా పని ఆవిడకే అన్నాడు.

కుట్టుపనావిడ మేడ మీదికి మళ్ళీ వెళ్ళింది మూడు వారాలకి, అదీ డాక్టరు భార్య పిలిస్తే. మంచానికి రెక్సిన్ తొడుగు కుట్టాలట, కొలతలు తీసుకోవాలట. "పరుపులు రెండు కుళ్ళిపోయాయి. బీరువా తలుపులు ఉబ్బాయి. ఆయన పనిముట్లు తుప్పు పట్టాయి. ఎక్కడ పెట్టమంటారు చెప్పండి? పలకలు పరిచిన గదైతే తుడుచుకోవచ్చని..." అంటూ స్నానాలగది తలుపు తోసింది.

మంచం బేసిన్ పక్కనే వేశారు. మామ్మగారు గోడవైపు తిరిగి పడుకుంది. జుట్టు తలకి అంటుకుపోయి ఉంది. అరికాళ్ళు నానిన అటుకుల్లా తెల్లగా ఉన్నాయి. కుట్టుపనావిడ వంగి టేపు పట్టుకుని పొడుగు కొలిచింది, వెడల్పు కొలిచింది. ఇంతలో డాక్టరు భోజనం ముగించి వచ్చాడు. ఇద్దరికీ తల పంకించి, కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాడు. నీళ్ళు చీలికలోకి సగం జారాయి. మిగతా సగం ముసలావిడ మోచేతినుంచి, గడ్డం కిందనుంచి చుక్కలు చుక్కలుగా వచ్చాయి. ఆయన తువ్వాలుతో తుడుచుకుని వెళ్ళాడు.

"గోడ ఎలా ఉంది అమ్మాయ్?" అంది మామ్మగారు తిరక్కుండానే.

"ఆరిందండీ."

"అంగీలు?"

"బాగా వచ్చాయండీ."

"మంచిది." కాసేపు ఊపిరి గరగరలాడింది. "నేను నీళ్ళు ఎక్కువ వాడలేదు తల్లీ. నీకు తెలుసుగా?"

"తెలుసు మామ్మగారూ."

కుట్టుపనావిడ నాలుక చివరికి ఇంకో మాట వచ్చింది. చుట్టూ గోడలవైపు చూసింది. ఆ మాట మింగేసి, టేపు చుట్టుకుంది.

"వెళ్తూ తలుపు వేసి వెళ్ళు. చెమ్మ బయటికొస్తే కోడలు కేకలేస్తుంది" అంది ముసలావిడ.

తలుపు ఉబ్బిపోయి పట్టడం లేదు. కుట్టుపనావిడ భుజం ఆనించి, గడియ పడేదాకా నెట్టింది.