కన్ను కొట్టే గడియారం

ఇరవై అయిదో వంతు, అంతే, గడియారం ముందున్న ఆ నల్లగాజు లోపలికి పోనిచ్చే వెలుతురు, ఇరవై అయిదుతో హెచ్చవేస్తే సరిపోవాలి కదా, ఇంట్లో బల్ల మీద సరిపోయింది, ఈ గోడ మీదా సరిపోయింది, బయట వెలుతురు కొలిచే మీటరు నాలుగు వందలంటే గాజు వెనక సెన్సరూ నాలుగు వందలంది, ఇంకేం కావాలి దీనికి, అనుకుంటూ సిహామ్ మసీదులో ఆడవాళ్ళ మేడ మీద చెక్క జాలీకి ముఖం ఆనించి, కింద ఇమాము నిలబడే మిహ్రాబు గూడు పక్కనున్న గడియారం వంకే చూస్తోంది, తన గడియారం, తను సొంతంగా చేసిన మొదటిది, ఎర్ర అంకెలు ఎండలో కనబడాలి, తెల్లవారుజాము మసకలో కళ్ళు పొడవకూడదు, అందుకే ఆ సెన్సరు, మరి సాసి బాబాయ్, ఇక్కడ అజాన్ ఇచ్చే మనిషి, ఈ పిల్ల చేస్తుంది, నాదీ పూచీ అని పెద్దల ముందు నిలబడ్డ మనిషి, ఇందాక మెట్ల దగ్గర ఆపి, ఏమ్మా, నీ గడియారం నమాజులో మాకు కన్ను కొడుతోంది, ఓసారి భగ్గుమంటుంది, ఓసారి ఆరిపోతుంది, పెద్దలు నన్ను పట్టుకుని నవ్వుతున్నారు, ఇవాళ సాయంత్రం అసర్ నమాజులో కూడా కొట్టిందా, నమాజు ముగించి సలాం చెప్పగానే నేనే ఊడబీకుతా, తర్వాత ఏడవకు, అన్నాడు, గాజుదే తప్పు బాబాయ్ అంది తను, ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

పక్కనున్న మబ్రూక అవ్వ మోచేత్తో పొడిచి, నమాజుకొచ్చావా పిల్లా, ఫోనుకొచ్చావా అంది, నాది తర్వాత చదువుకుంటాలే అవ్వా, ఇవాళ నా పరువు ఈ ఫోనులో ఉంది, కింద మగవాళ్ళు లేచి వరసల్లో నిలబడ్డారు, ఫోనులో సెన్సరు పంపే అంకె డెబ్భై అయిదు, డెబ్భై అయిదా, ఇప్పుడేగా నాలుగు వందలుంది, మబ్బా, మబ్బెక్కడిది, ఈ నెలలో స్ఫాక్స్ ఊళ్ళో మబ్బు తునక కనబడితే వీధి వీధంతా బయటికొచ్చి చూస్తుంది, గడియారం అంకెలు మసకబారాయి, ఇమాము అల్లాహు అక్బర్ అన్నాడు, వంగారు, నూట యాభై, లేచారు, డెబ్భై అయిదు, సజ్దాలోకి దిగారు, నాలుగు వందల ఇరవై, భగ్గుమన్నాయి అంకెలు, అయ్యో, కాదు, అయ్యో కాదు, వీపులు, వీపులే, పడమటి తలుపుల్లోంచి వచ్చే ఎండకు నిలబడ్డ మనుషులే అడ్డం, వాళ్ళు నేలకు నుదురు ఆనించగానే ఎండ వాళ్ళ మీదుగా సూటిగా గాజు మీద పడుతోంది, గట్టిగా అరవాలనిపించి చున్నీ కొస నోట్లో కుక్కుకుంది.

సెన్సరు ఒక్క అబద్ధమూ ఆడలేదు, చూసింది చూసినట్టు చెప్పింది, చెప్పీ చెప్పగానే నమ్మేసి గంతులేసింది తను రాసిన లెక్క, తనలాగే, ఆగమనాలి దాన్ని, పది నిమిషాలు వెలుతురు ఒకే తీరుగా ఉంటేనే అంకెల వెలుగు మార్చమనాలి, నాలుగు విడతల నమాజులో రెండో రకాతు అయిపోవస్తోంది, ఫోనులో ఆ లెక్క మార్చబోయి తప్పు నొక్కింది, చెరిపింది, మళ్ళీ నొక్కింది, గడియారానికి పంపింది, మూడో రకాతు, సజ్దా, ఫోనులో అంకె నాలుగు వందలకు ఎగిరింది, కింద గడియారం ఉలకలేదు పలకలేదు, నాలుగోదీ అంతే, నోట్లోంచి చున్నీ కొస తీసింది, సలాం చెప్పి తల తిప్పిన సాసి బాబాయ్ గడియారాన్ని ఒకసారి, మేడను ఒకసారి చూసి జేబులో స్క్రూడ్రైవరు మీదున్న చేయి ఖాళీగా బయటికి తీశాడు, బాబాయ్, అనుకుంది సిహామ్, మూడు రోజులు కొలిచాను, మూడు రోజులూ కొలతకు అడ్డమని తలుపు దగ్గర జపమాల తిప్పుకునే ముసలివాళ్ళను సైతం బయటికి పంపేసి కొలిచాను, నిన్ను కూడా, నీ నీడ పడుతోంది పక్కకు జరుగు బాబాయ్ అని విసుక్కున్నాను, నేను కొలవాల్సింది ఆ నీడనే.