లేవలేనివాళ్ల కుక్క

రెండు కాళ్లూ పడిపోయిన అక్కకు సాయంగా కుక్కను అప్పగించి వారమైంది. ఎలా ఉందో చూద్దామని శిక్షకురాలు వచ్చేసరికి దుక్కలాంటి తమ్ముడు సోఫాలో దుంగలా పడి ఉన్నాడు. తన కాళ్ల దగ్గరే పడిన రిమోట్‌ను వంగి తీసుకోవడానికి కూడా బద్ధకమే ఆ మహానుభావుడికి.

"మొదట్లో నా మాట లెక్కచేసేది కాదండీ. ఇప్పుడు చూడండి," అంటూ చిటికె వేశాడు. కుక్క రిమోట్‌ను నోట కరుచుకుని అతని ఒళ్లో పెట్టింది. "ఎలా దారికి తెచ్చానో చూశారా?"

ఏడాదిపాటు ప్రాణం పెట్టి దానికి పని నేర్పిన శిక్షకురాలికి ఒళ్లు మండింది.

"మీరు తెచ్చిందేం లేదు బాబూ. లేవలేనివాళ్లకే అందించమని నేర్పాను. వారం రోజులు మిమ్మల్ని చూసి, పాపం, మీకూ కాళ్లు పడిపోయాయనుకుంది."