వెండెల్ గారి పడవకి యాప్

జూన్ మొదటి వారంలో వెండెల్ క్రోవెల్ తలుపైనా తట్టకుండా ఒడెట్ కోమో ఇంట్లోకి వచ్చాడు.

"నాకో యాప్ కావాలమ్మాయ్," అన్నాడు.

నోవా స్కోషియాలోని ఆ చిన్న రేవు నుంచి పఫిన్ పక్షుల దీవికి జనాన్ని తీసుకెళ్లే పడవలు రెండే. ఒకటి వెండెల్‌ది, రెండోది ఆయన బావమరిది బర్టన్‌ది. ఇద్దరికీ మాటల్లేక చాలా ఏళ్లయింది. బర్టన్ ఈమధ్యే టొరంటో వాళ్లచేత యాప్ చేయించుకుని, డోనట్ల కొట్లో కనబడ్డవాళ్లకల్లా ఫోను తీసి చూపిస్తున్నాడు.

"మీ టికెట్ల పేజీ ఫోనులో చక్కగా తెరుచుకుంటుంది కదండీ. పోయినేడే కదా చేసిచ్చాను," అంది ఒడెట్.

"అది పేజీ. వాడిది యాప్. వాడిది ఫోనులో కాపురం ఉంటుంది. మనది చుట్టపుచూపుగా వచ్చి పోతుంది."

ఒడెట్ నవ్వాపుకుంది. రెండు రకాల ఫోన్లకీ విడివిడిగా చెయ్యాలనీ, యాప్ స్టోర్ వాళ్లు ఒప్పుకోవాలనీ, ఈలోగా వేసవి దాటిపోతుందనీ నచ్చజెప్పింది. ఆయన వింటేగా. చివరికి ఆయన ఫోను తీసుకుని, ఆ పేజీనే ముందు తెర మీద బొమ్మగా పెట్టింది. చిన్న నీలం పడవ.

"ఇది యాప్ కాదండీ, పేజీయే. గుమ్మం మాత్రం మార్చాను," అని మరీ చెప్పింది.

వెండెల్ ఆ పడవని నాలుగుసార్లు నొక్కి చూసుకున్నాడు. "ఎవరికి తెలుస్తుందిలే," అన్నాడు.

జూలై మొదటి శనివారం ఒంటారియో నుంచి బస్సు నిండా పెద్దవాళ్లు దిగారు, నలభైమంది. ఏం జరుగుతుందో చూద్దామని ఒడెట్ కూడా రేవుకి వెళ్లింది. వెండెల్ తన బోర్డు మీద క్యూఆర్ కోడ్ అతికించాడు. ఫోను దానికేసి పెడితే చాలు, పేజీ తెరుచుకుని టికెట్ వచ్చేస్తోంది. బర్టన్ మాత్రం ఎండలో నిలబడి ఒక్కొక్కరిచేతా యాప్ డౌన్‌లోడ్ చేయిస్తున్నాడు. ఒకావిడకి పాస్‌వర్డ్ గుర్తు లేదు. ఇంకొకావిడ ఫోనులో చోటు లేదు.

"మనవళ్ల ఫొటోలు కొన్ని తీసేస్తే సరిపోతుందండీ," అన్నాడు బర్టన్ మెల్లగా.

"ఏ మనవణ్ణి తీసెయ్యమంటావు నాయనా?" అని ఆవిడ వెండెల్ వరసలోకి వెళ్లిపోయింది.

ముప్పై ఆరుగురు వెండెల్ పడవెక్కారు, వాళ్లతోపాటు ఒడెట్ కూడా. బర్టన్‌కి నలుగురు మిగిలారు.

దీవి దగ్గర సిగ్నల్ ఉండదు. తిరుగు ప్రయాణంలో ఎవరు ఏ పడవ వాళ్లో తేల్చుకోవడానికి వెండెల్ భార్య థెల్మా అందర్నీ టికెట్లు చూపించమంది. ముప్పై ఆరు ఫోన్లూ తెల్లమొహం వేశాయి. పక్కనే బర్టన్ తాలూకు నలుగురూ యాప్‌లో టికెట్లు చూపించి హాయిగా కూర్చున్నారు.

ఒడెట్ చెవులు వేడెక్కాయి. సిగ్నల్ లేకపోయినా టికెట్ ఫోనులోనే ఉండేలా పేజీకీ ఏర్పాటు చెయ్యొచ్చు. తను చెయ్యలేదు.

"ఏవయ్యా, నీ యాప్ కాపురం ఎత్తేసినట్టుంది," అంది థెల్మా మొగుడితో. తర్వాత జనంకేసి తిరిగింది. "మీరు నా బూట్ల మీద వాంతి చేసుకున్నారు, ఎక్కండి. మీరు పక్షుల పేర్లు చెప్పి చెప్పి మా ప్రాణం తీశారు, ఎక్కండి. మీరు మీ ఆయన్ని ఇక్కడే వదిలేద్దామన్నారు కదూ? కుదరదు, ఇద్దరూ ఎక్కండి."

ఒక్కరూ తప్పిపోలేదు.

ఆదివారమంతా కూర్చుని ఒడెట్ ఆ లోపం సరిచేసింది. మంగళవారం వెనకవైపు తలుపు చప్పుడైంది. బర్టన్.

"అమ్మాయ్, నాకూ అలాంటి పేజీ ఒకటి కావాలి. యాప్ ఉండనీ, వాడేవాళ్లు వాడుకుంటారు. డౌన్‌లోడ్ అంటేనే జనం పారిపోతున్నారు."

"అలాగేనండీ."

"మా బావకి చెప్పకు."

"ఆయన లోపలే ఉన్నారండీ. అసలు సిసలు యాప్ చేయించాలని వచ్చారు."

బర్టన్ మెట్ల మీద కాసేపు తటపటాయించి, టోపీ తీసి లోపలికి వచ్చాడు. వెండెల్ కాఫీ కప్పు దించకుండానే అడిగాడు.

"ఆ టొరంటో వాళ్ల నంబరుందా?"

బర్టన్ ఫోను తీసి వెతకసాగాడు. ఒడెట్ ఇంకో కప్పు తేవడానికి వెళ్లింది.