ఫేబే చూసిన కల

తప్పంతా ‘చూశాను’ అన్న మాటది.

శుక్రవారం పొద్దున టీ తాగుతూ ఫేబే, “అమ్మా, రాత్రి కలలో నాన్నని సూశానే,” అంది. చనిపోయిన తండ్రి కలలోకి వస్తే అందరూ అలాగే అంటారు, తనూ అంది. ముప్పై రెండేళ్ల మనిషి, పుట్టుకతోనే చూపు లేదు. ఫీనిక్స్ బే జెట్టీలో మైకు ముందు కూర్చుని దీవుల మధ్య తిరిగే ఓడల వేళలు చెప్పే ఉద్యోగం. మాటలు కళ్లున్నవాళ్ల దగ్గరే నేర్చుకుంది మరి, ఇంకెక్కడ నేర్చుకుంటుంది?

తల్లి సారా గ్లాసు కింద పెట్టేసింది. “సూసినావా? సచ్ మే?” అంటూనే చెప్పులేసుకుంది. అసలే ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నానికల్లా జంగ్లీఘాట్‌లో తెలుగు చర్చి సంఘమంతా గుప్పుమంది. ప్రభువు ఫేబేకి కలలో కళ్లు తెరిచాడట, మెలకువలో తెరవడమే తరువాయట! ఆదివారం సాక్ష్యం చెప్పిద్దామన్నారు పాస్టరుగారు. కూతురి చూపు కోసం ఇన్నేళ్లూ ఉపవాసాలున్న తల్లికి అంతకన్నా ఏం కావాలి?

“నేనలా అన్లేదే,” అని ఫేబే రెండు రోజులూ మొత్తుకుంది.

“నువ్వూరుకో. అవిశ్వాసం మాటలు మాటాడకు,” అని సారా కూతురి చీర ఇస్త్రీ చేస్తూ పాట కూడా పాడింది. అమ్మ అంత సంతోషంగా ఉండడం ఫేబే ఎన్నడూ ఎరగదు. సంఘం ముందు అబద్ధమాడడం తనవల్ల కాదు. నిజం చెబితే ఆ సంతోషాన్ని తన నోటితోనే చంపాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఆదివారం ఫేబేని సంఘం ముందు నిలబెట్టారు. “నాన్నగారు ఎలా కనిపించారు దీదీ? తెల్లబట్టల్లోనా?” అని పాస్టరుగారి అమ్మాయి షాలోమ్ ఉత్సాహంగా అడిగింది.

“బట్టలు తెలీవు,” అంది ఫేబే. “డీజిలు వాసనొచ్చింది. నాన్న బోటు ఇంజన్ కాడ పనిసేసేవాడు గదా. దగ్గేడు. నా సెయ్యట్టుకుని జెట్టీ మెట్లు దింపేడు, ఆఖరి మెట్టు జారుగా ఉంది. పకోడీ కొనిపెట్టేడు, నోరు మండింది. బస్, ఇంకేం లేదు. వెలుగు లేదు, రంగు లేదు. నా కలలన్నీ అంతే. మెలకువగా కూసుని ఊహించుకున్నా అంతే. అదేం తక్కువ కాదు నాకు.”

పాస్టరుగారు గొంతు సవరించుకుని పాట అందుకున్నారు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు?

సారా ఆటో దిగి ఇంట్లోకి వచ్చి మంచంమీద కూలబడ్డాక అడిగింది.

“పోనీ, నేనొస్తానా నీ కలలోకి?”

“రోజూ వస్తావు.”

“ఏటి సేస్తానే?”

ఫేబే ఓ మంచి అబద్ధం కోసం వెతికింది. దొరకలేదు. “నా కళ్లమీద సెయ్యేసి ప్రార్థన సేస్తుంటావు. ఎంతకీ తియ్యవు. నీ మొహం తడుముదామంటే అందదు.”

సారా కూతురి చేతులు రెండూ లాక్కుని తన చెంపలమీద పెట్టుకుంది. తడిగా ఉన్నాయి.

అమ్మ మొహంలో ఇన్ని ముడతలున్నాయని ఫేబేకి అప్పటిదాకా తెలియదు.