జ్ఞాపకం చుట్టూ గీత

భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఉల్లిపాయలు తరుగుతూ, "పడవ, గొడుగు, సుత్తి, దిండు..." అని ఒక్కో మాటా నిదానంగా చదివింది ఆమె. అవతల ఉన్న దర్జీ పన్నెండు మాటల్లో పది తిరిగి చెప్పాడు. "ఇంకో రెండు ఎక్కడో దాక్కున్నాయి డాక్టరమ్మా" అని నవ్వాడు. మెదడంతా రేడియేషన్ పెట్టించుకున్న మనిషి ఎనిమిది నెలల తర్వాత పది మాటలు చెప్పడం ఎంత గొప్పో ఆ ఇంట్లో ఆమె ఒక్కతికే తెలుసు. కళ్లు చెమర్చాయి. నేరం ఉల్లిపాయల మీదికి నెట్టేసింది.

"మళ్లీ మొదలైందా ఎక్కాల బడి?" అన్నాడు భర్త వంటింటి గుమ్మంలో నిలబడి. "నా సాక్సు ఎక్కడ పెట్టావు?"

అతను ఎముకల డాక్టరు. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివారు. మార్కులు ఆమెకే ఎక్కువ వచ్చేవి. ఇప్పుడు పని కూడా ఒకే ఆసుపత్రిలో. సాయంత్రం ఇద్దరూ ఒకే కారులో ఇంటికొస్తారు. రాగానే అతను అలసిపోతాడు, ఆమె వంట చేస్తుంది.

ఆసుపత్రిలో ఆమెకు గీతలమ్మ అని పేరు. మెదడులో గడ్డలు చాలా చోట్ల లేచినప్పుడు మొత్తం మెదడుకి రేడియేషన్ ఇస్తారు. గడ్డలు కరుగుతాయి, కానీ వాటితో పాటు జ్ఞాపకాలూ కరుగుతాయి. ప్రాణంతో ఇంటికి చేరిన మనిషి నాలుగు నెలలు తిరిగేసరికి సొంత వీధి మర్చిపోతాడు, కూతుర్ని పట్టుకుని "మీరెవరమ్మా?" అంటాడు. జ్ఞాపకాలను పదిలపరిచే భాగం మెదడు లోపల, చెవుల వైపు, అటొకటి ఇటొకటి, చిటికెన వేలంత ఉంటుంది. స్కానులో పొర పొరకీ దాని చుట్టూ గీత గీస్తే, యంత్రం ఆ గీత లోపలికి వీలైనంత తక్కువ కిరణాలు పోనిస్తుంది. ఆ గీత ఎక్కడ గీయాలి, ఎంత ఎడం వదలాలి అన్నదే ఆమె పదకొండేళ్ల పని. ఇప్పటికి మూడు వందల పన్నెండు మంది. గీసి వదిలేయలేదు. బస్సుల్లోంచి, వంటింట్లోంచి, కూతురి స్కూలు మెట్ల మీద కూర్చుని ప్రతి ఒక్కరికీ ఫోను చేసి, వాళ్లకేం గుర్తున్నాయో రాసుకుంది.

ఆ పని వ్యాసమై ఒక పెద్ద వైద్య పత్రికకు వెళ్లింది. మొదటి పేరు విభాగానికి పెద్ద డాక్టరుది. రెండోది ఆయన అల్లుడిది. ఆమెది ఏడోది.

"సొమ్మొకడిది, సోకొకడిది" అంది వార్డు నర్సు, చెయ్యి గట్టిగా నొక్కి.

భర్త మాత్రం నవ్వాడు. "ఏడైతే ఏంటి, ఎనిమిదైతే ఏంటి? పెళ్లిపత్రికా, వరసలు చూసుకోడానికి? పేరు వేశారు, సంతోషించు."

సంతోషించాలేమో అనుకుంది ఆమె. తన తెలివి మీద ఆమెకు మొదట్నుంచీ పెద్ద నమ్మకం లేదు.

అంతలో అత్తగారు వంటింట్లో తూలి పడింది. ఎప్పుడో రొమ్ములో వచ్చి తగ్గిందనుకున్న జబ్బు మెదడుకి పాకింది. స్కానులో తొమ్మిది గడ్డలు కనిపించాయి.

"పెద్దాయనే చూడాలి" అన్నాడు భర్త. "నువ్వు ఇంటి మనిషివి. నీ చేతులు వణుకుతాయి." పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా! పెద్ద డాక్టరు అత్తగారి చెయ్యి పట్టుకుని, "మా అమ్మననుకుంటాను, దిగులు పడకండి" అన్నాడు. ఆవిడ కళ్లొత్తుకుంది. ఆ మధ్యాహ్నమే స్కాను ఆమె బల్ల మీదికొచ్చింది. వెనకాలే ఫోను. "నువ్వు గీసెయ్యమ్మా, నేను సంతకం పెట్టేస్తాను."

ఆమె తెర ముందు కూర్చుంది. అత్తగారి మెదడు పొరలు పొరలుగా కదులుతోంది. ఇరవయ్యొక్కేళ్లుగా ఆ తల ఏమేం దాచుకుందో ఆమెకు తెలుసు. మొదటి కడుపు పోయినప్పుడు, ఆసుపత్రి మంచం పక్కన నిలబడి, "ఆ కిరణాల గదుల్లో తిరిగేదానికి కడుపెలా నిలుస్తుంది?" అన్న మాట అక్కడే ఉంది. "మావాడు మంచివాడు గనక ఉద్యోగానికి పంపుతున్నాడు" కూడా అక్కడే. వచ్చిన ప్రతి చుట్టం ముందూ, "మా కోడలికి చదువెక్కువ, ఉప్పు తక్కువ" అని నవ్వించిన నవ్వులూ అక్కడే. అన్నీ కలిపి చిటికెన వేలంత జాగా. గీత కాస్త లోపలికి జరిగితే చాలు. ఎవరూ కనిపెట్టరు. జబ్బు ముదిరింది, మతి పోయింది అంటారు. ఆవిడ రేపు తనను చూసి, "ఎవరమ్మా నువ్వు, ఎంత బాగా చూసుకుంటున్నావు" అంటుంది. ఆ మాట ఎవరో చెవిలో అన్నంత స్పష్టంగా వినపడింది. అది ఎంత తియ్యగా ఉందో చూసుకుని తనకే భయం వేసింది. మౌసు మీంచి చెయ్యి తీసి, వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. మామూలుగా రెండు గంటలు పట్టే పనికి ఆ రోజు నాలుగున్నర గంటలు పట్టింది. తన చెయ్యిని తనే నమ్మలేక ఇంకో ఇద్దరి చేత సరిచూపించింది. వాళ్లకు వంక దొరకలేదు.

అత్తగారు కోలుకుంది. జుట్టు ఊడి, తిండి సయించక, రెండు నెలలు మంచం దిగలేదు. ఒళ్లు తుడవడం, తినిపించడం, దుప్పట్లు మార్చడం అన్నీ ఆమే చేసింది. చూడ్డానికొచ్చిన వాళ్లతో అత్తగారు, "ఆ పెద్ద డాక్టరు చెయ్యి చెయ్యి కాదనుకోండి" అనేది. "మా కోడలా? అదేవో గీతలు గీస్తుందట."

ఆరో నెలలో జ్ఞాపక పరీక్ష చేయాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం కిటికీ పక్కన కుర్చీ వేసి, అత్తగారిని కూర్చోబెట్టి పన్నెండు మాటలు చదివింది. ఆవిడ పదకొండు చెప్పింది. బడిపిల్లలా మెరిసిపోతూ, "ఇంకా అడుగు" అంది.

"ఏదైనా పాత సంగతి, గుర్తున్నంత వివరంగా చెప్పండి అత్తయ్యా. అదే ఆఖరి ప్రశ్న."

అత్తగారు కుర్చీలో ముందుకి జరిగింది. "నీకొచ్చిన ఉత్తరం సంగతి చెప్పనా? ఎప్పటిదో. ఇప్పుడేమైందిలే. నీలం కవరు. మూలన ఓడ బొమ్మ స్టాంపు. పిల్లకి పదకొండో నెల. నువ్వు స్నానానికెళ్లావు. మావాడు చించి చదివి, 'అమ్మా, దీన్ని రెండేళ్లు రమ్మన్నారే' అన్నాడు. మొహం చిన్నబోయింది పాపం వాడికి. 'వచ్చిందని చెప్తేనే కదరా వెళ్లేది' అన్నాన్నేను. బీరువా అడుగున పరిచిన కాగితం కింద పెట్టాం. ఇల్లు మారేటప్పుడు వాడే చించేశాడు." ఆవిడ వేళ్లు మడిచింది. "అదీ కలుపుకుంటే పన్నెండుకి పన్నెండూ వచ్చినట్టే కదూ?"

పంతొమ్మిదేళ్ల కిందట ఆమె మెదడు కణితుల మీద పరిశోధన చేసే ఒక పెద్ద సంస్థకు దరఖాస్తు పంపింది. పసిపిల్లను చంకనేసుకుని ఆరు నెలలు పోస్టు కోసం గుమ్మంలో నిలబడింది. జవాబు రాలేదు. నేనంతటిదాన్ని కాదు కాబోలు, అనుకుంది. అనుకుని ఆ మాట మీదే బతుకంతా కట్టుకుంది. పెద్ద డాక్టరు కసిరితే నాకు తెలియకే కదా అనుకుంది, ఏడో పేరు వేస్తే అదే ఎక్కువనుకుంది, మొగుడు నవ్వితే తనూ కలిసి నవ్వింది. ఇన్నేళ్లూ తనకు తాను వేసుకున్న వెల ఇద్దరు మనుషులు బీరువాలో దాచిన కాగితం మీద ఆధారపడి ఉందని ఇప్పుడు, ఈ కుర్చీలో, వాళ్లలో ఒకరి నోటనే వింటోంది.

ఆమె కాగితం దగ్గరికి లాక్కుని, "పాత జ్ఞాపకాలు వివరాలతో సహా చెక్కుచెదరలేదు" అని రాసింది. కింద తారీఖు వేసింది.

సాయంత్రం భర్తను అడిగింది. అతను టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. "అమ్మ తలలో తొమ్మిది గడ్డలు లేచాయి. రేడియేషన్ ఇచ్చారు. ఏదో కలగలిపి చెప్పుంటుంది. నువ్వూ నమ్మేస్తావా?"

"నమ్ముతాను. అది పాడవకుండా గీత గీసింది నేనే."

అప్పుడు తిప్పాడు కళ్లు. "పెద్దాయన కదా..."

"ఆయన సంతకం పెట్టాడు."

అతను టీవీ కట్టేశాడు. రిమోటు పక్కన పెట్టి, "పిల్ల చిన్నది అప్పుడు. నువ్వెళ్తే ఇల్లేమయ్యేది? అంతా మన మంచికే చేశాం. ఇప్పుడు నీకేం తక్కువైంది చెప్పు?" అన్నాడు. ఆమె లేచి వెళ్లి కూతురి గదిలో పడుకుంది. పిల్ల కాలేజీ హాస్టలుకి వెళ్లినప్పట్నుంచీ ఆ గది ఖాళీగానే ఉంది.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి బస్సులో వెళ్లింది. కంప్యూటరు తెరవగానే వైద్య పత్రిక నుంచి ఉత్తరం. వ్యాసం అచ్చుకు తీసుకున్నాం, అందులో పేరున్న ప్రతి ఒక్కరూ పేర్ల వరసకు ఒప్పుకోవాలి, ఏ ఒక్కరు కాదన్నా అచ్చు ఆగుతుంది. మిగతా ఎనిమిది మందీ అప్పటికే ఒప్పుకున్నారు. ఆమె రెండుసార్లు చదివి, "ఒప్పుకోను" అన్నచోట నొక్కింది. కారణం రాయమని ఒక గడి తెరుచుకుంది. "పేర్ల వరస అబద్ధం. ఆధారాలు పంపుతాను" అని రాసింది.

గంటలోపే పెద్ద డాక్టరు ఫోను చేశాడు. "ఏంటమ్మా, పొరపాటున ఏదో నొక్కినట్టున్నావు?"

"పొరపాటు కాదు సార్. చదివే నొక్కాను."

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. "సరే, ఆవేశం తగ్గాక మాట్లాడదాం. రెండు కేసులు నీ బల్ల మీద పెట్టించాను. గీసి పంపించు, సంతకం పెట్టేస్తాను."

"రోగుల్ని ఆపను సార్. ఆ రెండూ గీస్తాను, సంతకమూ నేనే పెడతాను" అంది ఆమె. "ఇక మీ పేరుతో వెళ్లాల్సినవి ఉంటాయి కదా. రేపు తొమ్మిదింటికి నా గదికి రండి. ఎలా గీయాలో నేర్పిస్తాను."