పాత అతుకు

పొద్దున్నే ఏడింటికల్లా అత్తగారు సంచీ భుజాన వేసుకుని పనికి బయల్దేరుతుంది. గీజర్లు, కుళాయిలు, కెటిల్లు, ఉప్పునీళ్ళకి గారపట్టినవి ఏవైనా సరే, ఆవిడ అరచెయ్యి ఆనిస్తే చాలు, లోపలి సున్నం వేళ్ళ సందుల్లోంచి పొడిగా రాలిపోతుంది. సంచీలో ఉండేవి చీపురూ చేటా, అంతే. ఆవిడకో పట్టింపు ఉంది. రవ్వంత మిగిలినా పని చేసినట్టు కాదట. ఆ పట్టింపుతోనే ఒకసారి పాత గొట్టాన్ని తుడిచిపారేస్తే, ఆ సున్నం పట్టి నిలబెట్టిన గొట్టం కాస్తా చిల్లులు పడింది. రాలిన పొడి మళ్ళీ ఎక్కదు కదా. చెయ్యి తిరగేసి, తన ఒంట్లోది పోసి పూడ్చింది. అప్పట్నుంచీ ఆవిడ చిటికెన వేలికి ఎముక లేదు.

"ఏదైనా గుర్తుండాలంటే ఆ వేలికో ముడెయ్యండి అత్తయ్యా," అని కోడలు ఆటపట్టిస్తుంటుంది.

ఏడో నెలలో అత్తగారే కోడల్ని స్కానింగ్‌కి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ తెర చూస్తూ చూస్తూ మాటలు ఆపేసింది.

"బిడ్డ గుండె కండరానికి కాల్షియం పట్టేసిందమ్మా. ఈ తెల్లగా మెరిసేదంతా అదే. గుండె గట్టిపడిపోతోంది. ఇలాగైతే పుట్టేదాకా కొట్టుకోదు."

కోడలు రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. పొద్దున తన్నిన బిడ్డేనా ఇది?

"సున్నమేగా," అంటూ అత్తగారు లేచింది.

డాక్టరమ్మ కుర్చీ జరిపి దారిచ్చింది. వాళ్ళింటి గీజరు శుభ్రం చేసేదీ ఈవిడే మరి. "జాగ్రత్త పిన్నిగారూ, ఎముకల్లో ఉండేదీ అదే. నేను చాలనగానే ఆపెయ్యండి."

అత్తగారు కోడలి పొట్ట మీద చెయ్యి ఆనించింది. నేల మీద తెల్లటి పొడి రాలింది. గుండె మెల్లగా కదలడం మొదలెట్టింది.

"చాలు," అంది డాక్టరమ్మ.

తెర మీద ఒక్క తెల్లచుక్క మిగిలింది. ఆ చుక్క దగ్గరే ఆవిడ బుద్ధి గడ్డి తింది. "ఇదొక్కటీ," అంది. చుక్క పోయింది. దాంతోపాటు తెర మీద బిడ్డ పక్కటెముకలు ఒక్కొక్కటే చెరిగిపోయాయి.

"అత్తయ్యా, ఏం చేశారు?" అంది కోడలు.

అత్తగారు చెయ్యి తిరగేసింది. పక్కటెముకలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఆవిడ వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి వరసగా మెత్తబడ్డాయి. ఈసారి డాక్టరమ్మ చాలనగానే ఆపేసింది. చెయ్యి బల్ల అంచు నుంచి తడిబట్టలా జారింది. కోడలు దాన్ని రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది.

పాప పుట్టింది. గుండె శుభ్రంగా కొట్టుకుంటోంది. పుట్టిన మూడో రోజు ఎక్స్‌రే తీసిన డాక్టరమ్మ ఆ ఫిల్ము పట్టుకుని గదిలోకి వచ్చింది.

"ఈ పక్కటెముక మీద పాత అతుకుంది. విరిగి అతుక్కుని యాభై ఏళ్ళయినట్టుంది. మూడు రోజుల పిల్లకి ఇదెక్కణ్ణించి వచ్చింది?"

"అది నాదేలెండి," అంది అత్తగారు, ఎడంచేత్తో కుడిచేతిని ఎత్తి పాప పక్కన పెడుతూ. "తొమ్మిదో ఏట మెట్ల మీంచి పడి ఈ చెయ్యి విరిగినప్పటిది. చలికి కాస్త సలుపుతుంది. దుప్పటి కప్పండి దానికి."